తొమ్మిదో కాలమ్

గద్వాల కలెక్టరేట్ల, సోమవారం పొద్దున, చివరి గది.
ఫ్యాను మూడు మీదనే తిరుగుతది,
రెండు మీద పెడితే ఆగిపోతది.
ఐదుగురు వస్తరు, ఐదు సంచులు టేబుల్ మీద పడతయి.
సంచుల మీది దుమ్ము చూసి చెప్తా
ఎవరు ఏ దిక్కు నుంచి వచ్చిన్రో:
ఎర్రదైతే గట్టు, నల్లదైతే అలంపూర్ రేగడి.

చెన్నకేశవులు ముందుగాల లెక్కలు సదువుతడు.
లెక్కలంటే ఆయనకు ధైర్యం.
ఆపిన పెళ్లిళ్లు రెండు,
బడికి మళ్లిన పిల్లలు పదకొండు మంది.
పదకొండుల ముగ్గురు వారం కూడా నిలవలేదని
ఆయన చెప్పడు, నేను అడుగుతా.
అడుగుడే నా నౌకరి.

బస్టాండ్ల దొరికిన పిలగాడు
రోజుకో పేరు చెప్తున్నడట.
"నిన్నయితే కలెక్టర్ అన్నడు మేడం" అన్నది ఫర్జానా.
అందరం నవ్వినం.
నవ్వు అయిపోయినంక కూడా
సువార్త రిజిస్టర్ తెరవలేదు.

ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను.
రాయొద్దని వీళ్లకు నేర్పింది నేనే.
ఫైలు నంబరు నలభై రెండు.
రెండేండ్ల కింద, సీడు పత్తి చేన్ల దొరికింది,
అప్పుడు పదకొండేండ్లు.
మొక్క ఎత్తూ పిల్ల ఎత్తూ ఒక్కటే,
అందుకే పనికి పిలుస్తరు.
మాపటీలి మొగ్గ ఒలిచి ఎర్ర కాగితం తొడగాలె,
తెల్లారి మగపువ్వు తెచ్చి అద్దాలె.
గోర్ల సందుల దాకా పుప్పొడి.
ఆ చేతులు తన కొంగుతోని తుడిచిన్నని
సువార్త రిపోర్టుల రాసింది.
నేను ఆ వాక్యం కొట్టేసి
పక్కన రాసిన: వాస్తవాలు మాత్రమే.

మొన్న ఎండకాలం, ఇంటికి పంపే కాగితం వచ్చింది.
"తల్లి మంచిదే మేడం, అప్పే మంచిది గాదు.
ఇంకో ఆరు నెలలు ఆగుదాం" అన్నది సువార్త.
బాలసదనంల మంచాలు నలభై, పిల్లలు అరవై ఒక్కరు.
సిఫారసు మీద సంతకం పెట్టిన,
ఆకుపచ్చ సిరాతోని.
నా సంతకం అందంగ ఉంటదని అందరంటరు.

నిన్న ఆదివారం. సెలవు.
అయినా సువార్త పోయింది, బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి.
ఇంటికి తాళం.
రాత్రి లారీ వచ్చిందన్నది పక్కింటామె,
ఇటుక బట్టీకట, ఏ ఊరో తెల్వదట.
తలుపు మీద బొగ్గుతోని అంకెలున్నయట.
"నా ఫోన్ నంబరే మేడం. తొమ్మిదే రాసింది.
పదోది మర్చిపోయింది."

అట్లని మడత పెట్టిన కాగితం ఒకటి నా ముందల పెట్టింది.
విప్పకుండానే తెలిసింది రాజీనామా అని.
పంతొమ్మిదేండ్ల కింద నేనూ ఒకటి రాసిన,
ఇదే మడత.

మీ తప్పు గాదు అని చెప్పాలె, ట్రైనింగుల అట్లనే నేర్పిన్రు.
నోటి దాకా వచ్చి ఆగింది.
ఎవరి తప్పో ఆకుపచ్చగ కనబడుతున్నప్పుడు
ఆ మాట ఎట్లంటం?
"సంతకం నాది" అన్న.
చెన్నకేశవులు ఫ్యాను దిక్కు చూసిండు.
ఫర్జానా లేచి చాయ్ చెప్పొస్తనని పోయింది,
చాయ్ ఎవ్వరూ అడగలేదు.

రిజిస్టర్ నేనే తెరిచిన.
తొమ్మిదో కాలమ్, ప్రస్తుత స్థితి, బొటనవేలంత జాగ.
కుటుంబంతో ఉంది అని ఉన్నది.
అది అబద్ధం గాదు, అదే బాధ.
కొట్టేసి, వెతుకుతున్నం అని రాసిన,
ఆఖరి అక్షరం గీత దాటి పోయింది.

"సువార్తా, ఆ కొంగు వాక్యం మళ్ల రాయి."
"ఎందుకు మేడం, వాస్తవాలే కదా కావాలె?"
జవాబు నా దగ్గర లేదు.
ఉన్నదొక్క లెక్క, చెన్నకేశవులు లెక్కలాంటిది:
"తొమ్మిది అంకెలు గుర్తున్నయి పిల్లకు.
ఆఖరిది సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒకటి.
ఎవరి ఫోనన్నా దొరికి పదిసార్లు కొడితే
ఒకసారి నీకే తగులుతది."

సువార్త చాలాసేపు ఏమనలేదు.
తర్వాత సంచిల చెయ్యి పెట్టి చార్జర్ తీసింది.
ప్లగ్గు వదులు, పక్క నుంచి ఒత్తి పట్టుకోవాలె.
ఒత్తి పట్టుకొని నిలబడ్డది.
మడత కాగితం టేబుల్ మీదనే ఉంది.
నేనూ ముట్టలేదు, ఆమె కూడా తీసుకోలేదు.